రెండు ముక్కలు కలిస్తే వెలుగు: ఆయిల్ పామ్ ప్రశ్నలకు విభాజిత ప్రతిదీప్తి ప్రోటీన్ల సాక్ష్యం

ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతపు తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు, ఆయిల్ పామ్ పక్కపక్కనే సాగవుతున్నాయి. పొగాకు ఒక్క పంటకాలంలో ముగిసిపోతుంది. నారు మంచిది కాకపోతే రైతు మరుసటి ఏడాది ఆ లోపాన్ని సరిదిద్దుకోగలడు. ఆయిల్ పామ్ మాత్రం నాటిన తరువాత పాతికేళ్లకు పైగా నేలను వదలదు. నర్సరీలో తీసుకున్న మొక్క మేలైన రకమా కాదా అన్నది సాధారణంగా మూడు నాలుగేళ్లకు, తొలి గెలలు కోసి పండును అడ్డంగా చీల్చి చూసినప్పుడు గాని తెలియదు.

త్రిభుజాకార పద్ధతిలో 9 మీటర్ల దూరాన నాటితే హెక్టారుకు 143 మొక్కలు పడతాయి. వాటిలో పదింట ఒకటి తప్పుడు రకమైనా హెక్టారుకు పద్నాలుగు చెట్లు పాతికేళ్లపాటు నీటిని, ఎరువును తీసుకుంటూ తక్కువ నూనెనే ఇస్తాయి. ఈ తేడాకు మూలం ఒక జన్యువులోని ఒక్క అక్షరపు మార్పు. ఆ అక్షరాన్ని మొక్క దశలోనే చదవడం ఒక సమస్య. ఆ అక్షరం మారినందువల్ల పండులో టెంక ఎందుకు పలచబడుతుందో తెలుసుకోవడం మరొక సమస్య. మొదటిది డీఎన్ఏను గుర్తించే ప్రశ్న, రెండవది ప్రోటీన్ల పరస్పర చర్యను గుర్తించే ప్రశ్న. ఈ రెండు రకాల ప్రశ్నలకూ ఉపయోగపడే సాధనంగా గత పాతికేళ్లలో ఎదిగినవే విభాజిత ప్రతిదీప్తి ప్రోటీన్లు. అవి పనిచేసే తీరును, వాటి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, మన ప్రాంతపు సమస్యలలో దేనికి తగినవో, దేనికి తగనివో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్ నిర్మాణం

ఒక రంగు కాంతిని గ్రహించి, అంతకంటె ఎక్కువ తరంగదైర్ఘ్యం గల మరొక రంగు కాంతిని వెలువరించడమే ప్రతిదీప్తి. ఎక్వోరియా విక్టోరియా అనే జెల్లీచేప నుండి ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను ఒసాము షిమొమురా బృందం 1962లో గుర్తించింది. దాని జన్యువును డగ్లస్ ప్రాషర్ 1992లో వేరుచేశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ బృందం ఆ జన్యువును బ్యాక్టీరియాలోను, నులిపురుగులోను పనిచేయించి, జెల్లీచేపకు చెందిన మరే ఇతర పదార్థం అవసరం లేకుండానే ఆ ప్రోటీన్ వెలుగుతుందని నిరూపించింది. వెలుగు పుట్టే తీరును వివరించి, పసుపు, నీలి వంటి ఇతర వర్ణాల రూపాలను తయారుచేసిన ఘనత రోజర్ చెన్‌ది. షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ ప్రోటీన్‌లో 238 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పదకొండు బీటా పోగులు పీపా పలకల మాదిరిగా చుట్టూ నిలబడి, సుమారు 4.2 నానోమీటర్ల ఎత్తు, 2.4 నానోమీటర్ల వ్యాసం గల గుండ్రని గూడును ఏర్పరుస్తాయి. గూడు నడిమధ్యలో 65, 66, 67 స్థానాల్లోని సెరిన్, టైరోసిన్, గ్లైసిన్‌లు తమలో తాము చర్య జరుపుకొని, ఆమ్లజని సాయంతో, వెలుగునిచ్చే వర్ణకంగా మారతాయి. పీపా పూర్తిగా మూసుకొని ఉన్నంతసేపే ఈ వర్ణకానికి చుట్టూ ఉన్న నీటి నుండి రక్షణ ఉంటుంది. ఒక్క పలక ఊడినా వెలుగు ఆరిపోతుంది. విభాజిత ప్రోటీన్ల పద్ధతి మొత్తం ఈ ఒక్క లక్షణంపైనే ఆధారపడి ఉంది.

విడదీసి కలపడంలోని తర్కం

పీపా మూసుకుంటేనే వెలుగు వస్తుంది గనుక దానిని ముందే రెండు ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క అణువుకు తగిలిస్తే ఏమవుతుంది? ఆ రెండు అణువులు దూరదూరంగా ఉన్నంతకాలం చీకటే. అవి ఒకదానినొకటి పట్టుకున్నప్పుడు ముక్కలు దగ్గరపడి, పీపా తిరిగి ఏర్పడి, వెలుగు పుడుతుంది. 2000లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇంద్రనీల్ ఘోష్, ఆండ్రూ హామిల్టన్, లిన్ రీగన్ ఈ ఆలోచనను ప్రయోగపూర్వకంగా నిరూపించారు. వారు ప్రోటీన్‌ను 157, 158 అమైనో ఆమ్లాల నడుమ, పీపా గోడలో భాగం కాని మెలికవద్ద విభజించారు. ఒకదానికొకటి అల్లుకునే ల్యూసిన్ జిప్పర్లను ఆ రెండు ముక్కలకు తగిలించినప్పుడు ప్రతిదీప్తి కనిపించింది. జిప్పర్లు లేని ముక్కలు కలవలేదు.

2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో హూ, చినెనోవ్, కెర్పోలాలు పసుపు ప్రతిదీప్తి ప్రోటీన్ ముక్కలను ఫాస్, జున్ కుటుంబాల ప్రోటీన్లకు తగిలించి, సజీవ కణాలలో వాటి కలయిక ఎక్కడ జరుగుతుందో సూక్ష్మదర్శిని కింద చూపారు. ద్విఅణు ప్రతిదీప్తి పూరణం అనే పేరు అప్పటినుండి స్థిరపడింది. ప్రయోగశాలల్లో దీనిని బైఎఫ్‌సి అని పిలుస్తారు. 2004లో ‘ప్లాంట్ జర్నల్’లో వెలువడిన రెండు పరిశోధనా పత్రాలు ఈ పద్ధతిని మొక్కల కణాలకు అన్వయించాయి.

2005లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన కబాంటూ, టెర్విలిగర్, వాల్డోలు మరొక తరహా విభజనను ప్రవేశపెట్టారు. పదకొండు పోగుల్లో పదింటిని ఒక ముక్కగాను, మిగిలిన పదకొండవ పోగును 16 అమైనో ఆమ్లాల చిన్న తోకగాను వేరుచేశారు. పై రెండు పద్ధతులకు, దీనికి ఉన్న భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఈ పది-ఒకటి ముక్కలు ఏ ఇతర అణువు సాయమూ లేకుండా తమంతట తామే కలుస్తాయి. అందువల్ల ఒక ప్రోటీన్ ద్రావణంలో కరిగి ఉందా, కణంలో ఏ భాగానికి చేరింది అని తెలుసుకోవడానికి ఇవి అనుకూలం. రెండు ప్రోటీన్లు పరస్పరం కలుస్తున్నాయని నిరూపించడానికి వీటిని యథాతథంగా వాడితే ఫలితం అర్థరహితమవుతుంది.

డీఎన్ఏ మధ్యవర్తిగా ఉన్నప్పుడు

రెండు ముక్కలను దగ్గరకు చేర్చేది ప్రోటీనే కానక్కరలేదు. ఒక డీఎన్ఏ పోగుపై పక్కపక్కనే ఉన్న రెండు చోట్లను రెండు ముక్కలు విడివిడిగా పట్టుకున్నా అవి దగ్గరవుతాయి. 2005లో ఘోష్ బృందం, ఈసారి అరిజోనా విశ్వవిద్యాలయం నుండి, దీనిని చేసి చూపింది. జింకు వేళ్లు అనే ప్రోటీన్ భాగాలు డీఎన్ఏలో ఒక్కొక్కటి సుమారు మూడేసి అక్షరాలను గుర్తించి పట్టుకుంటాయి. మూడు వేళ్లు కలిసిన ప్రోటీన్ తొమ్మిది అక్షరాల వరుసను గుర్తిస్తుంది. అటువంటి రెండు వేర్వేరు ప్రోటీన్లకు ఆకుపచ్చ ప్రోటీన్ ముక్కలను తగిలించగా, ఆ రెండు వరుసలూ ఉన్న డీఎన్ఏ సమక్షంలోనే వెలుగు వచ్చింది. తొమ్మిది చొప్పున రెండు చోట్లు కలిస్తే పద్దెనిమిది అక్షరాలు. అంత పొడవైన వరుస ఒక జీవి డీఎన్ఏ మొత్తంలో యాదృచ్ఛికంగా మళ్లీ తటస్థపడే అవకాశం చాలా తక్కువ.

ఆ రెండు చోట్ల నడుమ ఎడం కూడా ముఖ్యమే. డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెన. సుమారు పదిన్నర మెట్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక్కొక్క మెట్టు ఎత్తు 0.34 నానోమీటర్లు. ఎడం ఐదారు మెట్లు మారితే ఒక ముక్క నిచ్చెనకు ఈ వైపున, మరొకటి ఆ వైపున పడతాయి. దూరం తక్కువే అయినా ముఖాలు ఎదురుపడవు. కాబట్టి వరుస తెలిసినంత మాత్రాన చాలదు. ముక్కలను తగిలించే అనుసంధాన భాగం పొడవును, చోట్ల నడుమ ఎడాన్ని కలిపి ఆలోచించి రూపకల్పన చేయాలి.

2006లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో దెమిదోవ్, కాంటర్, బ్రౌడే తదితరులు మరింత సరళమైన మార్గాన్ని అనుసరించారు. ఒకదానికొకటి పూరకాలైన రెండు చిన్న డీఎన్ఏ పోగులను తయారుచేసి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క ప్రోటీన్ ముక్కకు బయోటిన్, స్ట్రెప్టావిడిన్‌ల ద్వారా తగిలించారు. పోగులు జతకట్టగానే ముక్కలు కలిశాయి. పెద్ద ముక్కలో వర్ణకం ముందే సిద్ధమై ఉండడంవల్ల గంటల తరబడి వేచి ఉండనవసరం లేకుండా నిమిషాలలోనే ప్రతిదీప్తి పెరిగింది. అదే సంవత్సరంలో ఘోష్ బృందం మిథైల్ గుర్తు ఉన్న డీఎన్ఏను గుర్తించే రూపాన్ని కూడా ప్రకటించింది. ఒక ముక్కకు జింకు వేళ్లను, రెండవ ముక్కకు మిథైల్ గుర్తును పట్టుకునే ప్రోటీన్ భాగాన్ని తగిలించడం అందులోని కిటుకు. ఏ వరుస, ఆ వరుసపై గుర్తు ఉందా అనే రెండు ప్రశ్నలకు ఒకే వెలుగు సమాధానం చెబుతుంది.

టెంకను నిర్ణయించే జన్యువు

ఆయిల్ పామ్‌లో మూడు రూపాలున్నాయి. మందమైన టెంక గలది డ్యూరా. టెంక లేనిది పిసిఫెరా, దీనిలో ఆడ గెలలు ఎక్కువగా నిలబడవు. ఈ రెండింటి సంకరం టెనెరా. దాని టెంక పలచగా, నూనెనిచ్చే గుజ్జు ఎక్కువగా ఉంటుంది. డ్యూరాతో పోలిస్తే టెనెరా 30 శాతం వరకు అధికంగా నూనెనిస్తుంది. ఈ లక్షణం ఒకే జన్యువు అధీనంలో ఉందని బెయర్‌నార్ట్, వాండర్‌వేయన్‌లు బెల్జియన్ కాంగోలో చేసిన పరిశోధనల ద్వారా 1941లో వెల్లడించారు. డ్యూరా తల్లికి పిసిఫెరా పుప్పొడితో సంకరం చేస్తే సంతానమంతా టెనెరాయే. టెనెరా తోటలో రాలిన గింజలను మొలకెత్తిస్తే మెండెల్ సూత్రం ప్రకారం నాలుగింట ఒకటి డ్యూరా, రెండు టెనెరా, ఒకటి పిసిఫెరా వస్తాయి. అంటే రైతు తన తోట గింజలతో నారు పోసుకుంటే సగం మొక్కలు ఆశించిన రకం కావు. రాలిన గింజల మొక్కలు నాటవద్దని విస్తరణ సిబ్బంది చెప్పే మాటకు ఆధారం ఇదే.

ఆ జన్యువు ఏమిటో 2013లో మలేషియా పామాయిల్ బోర్డుకు చెందిన రాజిందర్ సింగ్ బృందం, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. షెల్ అనే ఈ జన్యువు మాడ్స్-బాక్స్ కుటుంబానికి చెందిన ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆవ కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో అండాల రూపకల్పనను, గింజ రాలడాన్ని నియంత్రించే సీడ్‌స్టిక్ జన్యువుకు ఇది సమానమైనది. పిసిఫెరాలలో వారు రెండు స్వతంత్ర ఉత్పరివర్తనాలను గుర్తించారు. ఒకదానిలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్, రెండవదానిలో లైసిన్‌కు బదులు ఆస్పరాజిన్ చేరుతుంది. రెండూ ప్రోటీన్‌లో డీఎన్ఏను పట్టుకునే భాగంలో, ఒకదానికొకటి అతి చేరువలోనే ఉన్నాయి.

విభాజిత ప్రోటీన్ల ఉపయోగం ఇక్కడే ఎదురవుతుంది. మాడ్స్-బాక్స్ ప్రోటీన్లు ఒంటరిగా పనిచేయవు. జంటలుగా, జంటల గుంపులుగా ఏర్పడి, సీజీల నడుమ ఏటీలు గల పది అక్షరాల నిర్దిష్ట వరుసపై కూర్చుంటాయి. టెనెరాలో సహజ ప్రోటీన్, మారిన ప్రోటీన్ రెండూ తయారవుతాయి. మారినది సహజమైన దానితోనో, మరొక భాగస్వామితోనో జతకడితే ఆ జంట డీఎన్ఏను సరిగా పట్టుకోలేకపోవచ్చు. ఒక్క జన్యువుకు సంబంధించిన ఈ సంకర తేజానికి భిన్న జంటల ఏర్పాటే కారణమని సింగ్ బృందం ప్రతిపాదించింది. తమ పరిశోధనలో వారు ఈస్ట్ కణాలలో ప్రోటీన్ల కలయికను పరీక్షించే పద్ధతిని వాడారు. ఆ కలయికను మొక్క కణంలోనే, అది జరిగే కేంద్రకంలోనే చూడాలంటే ద్విఅణు ప్రతిదీప్తి పూరణం సహజమైన తదుపరి మెట్టు. ఇది ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని స్నాతకోత్తర విద్యార్థికైనా చేపట్టదగిన అంశం.

ఆయిల్ పామ్‌లో మిథైల్ గుర్తుకు సంబంధించిన సమస్య కూడా ఉంది. కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కలలో కొన్ని పూతకు వచ్చినప్పుడు పండ్లు వికృతంగా, అదనపు పొరలతో ఏర్పడి దిగుబడి దెబ్బతింటుంది. దీనిని మాంటిల్డ్ లోపం అంటారు. 2015లో ‘నేచర్’లోనే వెలువడిన పరిశోధన దీని మూలాన్ని చూపింది. పుష్పభాగాల రూపాన్ని నిర్ణయించే ఒక జన్యువు లోపల కర్మ అనే పేరుగల సంచార డీఎన్ఏ ఖండం ఉంది. దానిపై ఉండవలసిన మిథైల్ గుర్తులు చెరిగిపోయినప్పుడు ఈ లోపం వస్తుంది. ఇక్కడ డీఎన్ఏ వరుస మారదు. గుర్తు మాత్రమే మారుతుంది. మిథైల్ గుర్తును చూసే విభాజిత ప్రోటీన్ పరీక్ష సూత్రరీత్యా ఇటువంటి ప్రశ్నకే ఉద్దేశించినది. అయితే ఆ ఖండానికి సరిపోయే జింకు వేళ్లను ప్రత్యేకంగా రూపొందించవలసి ఉంటుంది.

నర్సరీ పరీక్షకు ఏ సాధనం?

ఇంతవరకు చదివిన పాఠకునికి సహజంగానే ఒక కోరిక కలుగుతుంది: ఆకు ముక్కను నలిపి ఒక బొట్టు ద్రావణం వేస్తే టెనెరా అయితే పచ్చగా వెలగాలి, డ్యూరా అయితే వెలగకూడదు. ఈ కోరికను లెక్కలతో తూచి చూడాలి.

మొదటిది సంకేతం పరిమాణం. విభాజిత ప్రతిదీప్తి పద్ధతిలో ఒక డీఎన్ఏ అణువు ఒక్క వెలుగు ప్రోటీన్‌ను మాత్రమే కలుపుతుంది. పాలిమరేజ్ గొలుసు చర్యలో డీఎన్ఏ ప్రతి ఆవృత్తికి రెట్టింపవుతుంది. సిద్ధాంతరీత్యా 30 ఆవృత్తులలో ఒక్క అణువు 107 కోట్లకు పైగా ప్రతులవుతుంది. ఆకు ముక్క నుండి లభించే కొద్దిపాటి డీఎన్ఏలో ఒకే జన్యువును వెతకడానికి ఈ రెండింటి సామర్థ్యం మధ్య పోలికే లేదు. ఈ లోటును తగ్గించడానికి ఘోష్ బృందం 2006లో వెలుగు ప్రోటీన్ స్థానంలో బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమును విభజించి వాడింది. కలిసిన ఒక్క ఎంజైమ్ అణువు అనేక రంగు అణువులను తయారుచేస్తుంది గనుక సంకేతం బలపడుతుంది. 2017లో మరొక బృందం, కోయకుండా పట్టుకొని మాత్రమే ఉండే కాస్-9 ప్రోటీన్ల జంటకు లూసిఫెరేజ్ ముక్కలను తగిలించి క్షయ బ్యాక్టీరియా డీఎన్ఏను గుర్తించింది. జింకు వేళ్లను ప్రతి వరుసకూ కొత్తగా మలచవలసిన శ్రమ ఇందులో తగ్గుతుంది. మార్గదర్శక ఆర్‌ఎన్‌ఏను మారిస్తే చాలు.

రెండవది అక్షరాల కచ్చితత్వం. జింకు వేళ్లు పట్టుకునే వరుసలో ఒక్క అక్షరం మారితే పట్టు సడలుతుంది గాని ప్రతిసారీ పూర్తిగా తెగిపోదు. పైగా నర్సరీలో కావలసిన సమాధానం ఉందా లేదా అన్నంతటితో ఆగదు. టెనెరాలో రెండు ప్రతులలో ఒకటి మారినది, ఒకటి మారనిది. పిసిఫెరాలో రెండూ మారినవే. డ్యూరాలో రెండూ మారనివే. పరీక్ష మూడు స్థితులను విడదీసి చెప్పగలగాలి. పైగా రెండు ఉత్పరివర్తన స్థానాలనూ చూడాలి. బలహీనమైన వెలుగుకు, సగం వెలుగుకు మధ్య భేదాన్ని ఆకు రసంలో తేల్చడం సులభం కాదు.

మూడవది ఆకు స్వభావం. పత్రహరితం ఎర్రగాను, లిగ్నిన్, ఫినాలిక్ పదార్థాలు నీలి-పచ్చ రంగులలోను స్వయంగా ప్రతిదీప్తినిస్తాయి. ముదురు ఆయిల్ పామ్ ఆకులో ఈ నేపథ్య కాంతి మరీ ఇబ్బంది పెడుతుంది. శుద్ధిచేయని రసంలో కనిపించే పచ్చదనం ఏ అణువు వల్ల వచ్చిందో చెప్పలేము.

కాబట్టి నేటి స్థితిలో సమాధానం స్పష్టం. నర్సరీ మొక్కల రకాన్ని నిర్ధారించడానికి షెల్ జన్యువు ఆధారంగా ఆకు ముక్కపై చేసే గొలుసు చర్య పరీక్షలే తగినవి. మలేషియాలో ఇటువంటి పరీక్షతో పెద్ద సంఖ్యలో చెట్లను పరిశీలించగా పదింట ఒకటి చొప్పున టెనెరా కానివి బయటపడ్డాయని 2016లో ప్రచురితమైంది. విభాజిత ప్రోటీన్ల బలం వేరొక చోట ఉంది. సజీవ కణంలో ఏ అణువు ఏ అణువును, ఏ చోట పట్టుకుంటున్నదో చూపడంలో గొలుసు చర్య వాటికి సాటిరాదు. ఎక్కువ ప్రశ్నలకు ఒకే సాధనాన్ని వాడాలనే ఆకర్షణకు లోనుకాకుండా, ప్రశ్నను బట్టి సాధనాన్ని ఎంచుకోవడం శాస్త్రజ్ఞుని కర్తవ్యం.

పొగాకు బంధువు ఆకులో ప్రయోగం

ప్రోటీన్ల కలయికను చూడడానికి మొక్కల ప్రయోగశాలలు అన్నింటికంటె ఎక్కువగా వాడేది పొగాకు ప్రజాతికే చెందిన నికోటియానా బెంథామియానా. జంగారెడ్డిగూడెం పొలాల్లోని వర్జీనియా పొగాకు నికోటియానా టబాకం. బెంథామియానా ఆస్ట్రేలియాకు చెందిన చిన్న అడవి మొక్క. వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను ఎదుర్కొనే ఒక జన్యువు ప్రకృతిసిద్ధంగానే దెబ్బతిని ఉండడం దీని ప్రత్యేకత. వైరస్‌లకు ఇది తేలికగా లొంగిపోవడానికి ఉన్న కారణాలలో అదొకటి. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడినప్పటినుండి గోదావరి జిల్లాలలో పొగాకు మొక్కను పెంచడంలో, దాని తెగుళ్లను గుర్తించడంలో నేర్పు గల సిబ్బంది తరాలుగా ఉన్నారు. జంగారెడ్డిగూడెం సమీపంలోని జీలుగుమిల్లిలోనూ ఆ సంస్థ పరిశోధనా స్థానం ఉంది. ఆయిల్ పామ్‌కు సంబంధించిన జాతీయ సంస్థ 1995 నుండి ఏలూరు దగ్గరి పెదవేగిలో పనిచేస్తోంది. ఆయిల్ పామ్ ప్రోటీన్‌ను పొగాకు బంధువు ఆకులో పరీక్షించడానికి కావలసిన మొక్కల పరిజ్ఞానం ఈ రెండు పట్టణాల నడుమే ఉంది.

ప్రయోగ విధానం సంగ్రహంగా ఇది. పరీక్షించదలచిన రెండు జన్యువులను రెండు వాహకాలలో, పసుపు ప్రోటీన్ ముక్కలకు చెరొకటిగా అతికించి, ఆగ్రోబ్యాక్టీరియంలోకి ప్రవేశపెడతారు. రెండు కల్చర్లను కలిపి, నాలుగు నుండి ఆరు వారాల వయస్సు గల మొక్క ఆకు అడుగుభాగాన సూది లేని సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తారు. జన్యువు మూగబోకుండా పీ-19 అనే వైరల్ ప్రోటీన్ గల మూడవ కల్చర్‌ను కలపడం ఆనవాయితీ. రెండు మూడు రోజుల తరువాత ఆకు ముక్కను కన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని కింద 514 నానోమీటర్ల కాంతితో ఉద్దీపింపజేసి, 527 నానోమీటర్ల పరిసరాలలో వచ్చే వెలుగును నమోదు చేస్తారు.

మన వాతావరణంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఆగ్రోబ్యాక్టీరియం డీఎన్ఏను మొక్కలోకి పంపే యంత్రాంగం 28 డిగ్రీల సెల్సియస్ దాటితే మందగిస్తుంది. పసుపు ప్రోటీన్ ముక్కలు కూడి వర్ణకం పరిపక్వం కావడానికి కూడా అధిక ఉష్ణోగ్రత ప్రతికూలం. వేసవిలో 40 డిగ్రీలు దాటే మెట్టలో మామూలు షేడ్‌నెట్ కింద పెట్టిన మొక్కలు చీకటిగానే ఉంటే దానిని ప్రోటీన్లు కలవలేదన్న ఫలితంగా రాసుకోకూడదు. 22 నుండి 25 డిగ్రీలలో ఉండే వృద్ధి గది అవసరం. రెండవది, పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా, పనిముట్ల ద్వారా, ఆరబెట్టిన పొగాకు ద్వారా కూడా వ్యాపిస్తుంది. పొగాకు ప్రాంతంలో, బ్యారన్ పని చేసి వచ్చిన చేతులతో లేదా చుట్ట, సిగరెట్ తాగిన చేతులతో బెంథామియానాను తాకితే మొక్కల గది అంతా తెగులు పాలవుతుంది. చేతులు సబ్బుతో కడుక్కొని చేతితొడుగులు ధరించిన తరువాతే లోపలికి వెళ్లే నియమం పెట్టాలి. ఇది జన్యుమార్పిడి ప్రయోగం గనుక 1989 నాటి నిబంధనల ప్రకారం సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతి పొందిన తరువాతే ప్రారంభించాలి.

వెలుగును నమ్మే ముందు

ఈ పద్ధతి సులభం. అందుకే తప్పుదారి పట్టించడం కూడా సులభం. దాని బలహీనతలు మూడు.

మొదటిది, ముక్కలు ఒకసారి కలిస్తే దాదాపుగా విడిపోవు. కణంలో క్షణకాలం తాకి విడిపోయే రెండు ప్రోటీన్లు కూడా శాశ్వతంగా కట్టివేయబడతాయి. కాబట్టి సూక్ష్మదర్శిని కింద కనిపించే వెలుగు తాకిడుల మొత్తాన్ని కూడబెట్టిన రాశి. అది ఆ క్షణపు స్థితి కాదు. కలయిక ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తెలుసుకోవాలంటే విడిపోగల విభాజిత లూసిఫెరేజ్ పద్ధతి మేలు.

రెండవది, రెండు ప్రోటీన్లూ అధిక మోతాదులో తయారై ఒకే ఇరుకు చోట, ఉదాహరణకు కేంద్రకంలో, గుమికూడితే నిజమైన ఆకర్షణ లేకపోయినా ముక్కలు తటస్థపడి కలుస్తాయి. షెల్ వంటి మాడ్స్-బాక్స్ ప్రోటీన్లన్నీ చేరేది కేంద్రకానికే గనుక ఈ ప్రమాదం వాటికి మరీ ఎక్కువ.

మూడవది, చీకటి కూడా అబద్ధమాడగలదు. ముక్కను ప్రోటీన్ ఏ కొసకు తగిలించామన్నదానిని బట్టి, అవి నిజంగా కలిసినా ముక్కలు ఎదురుపడకపోవచ్చు. రెండు ప్రోటీన్లు, రెండు ముక్కలు, రెండేసి కొసలు లెక్కిస్తే ఎనిమిది అమరికలు సాధ్యం. ఒకే అమరికను పరీక్షించి కలయిక లేదనడం తొందరపాటు.

ఈ కారణాలవల్ల పోలిక ప్రయోగాల ఎంపికే ఫలితానికి ప్రాణం. ఖాళీ వాహకంతో, అంటే ఏ ప్రోటీనూ తగిలించని ముక్కతో పోల్చడం ఇంకా చాలా సిద్ధాంత గ్రంథాలలో కనిపిస్తుంది. అది చాలదు. అటువంటి ముక్క పరిమాణంలోను, కణంలో చేరే చోటులోను అసలు ప్రోటీన్‌తో ఏ విధంగాను పోలదు. 2016లో ‘ప్లాంట్ సెల్’ పత్రికలో కుడ్లా, బాక్‌లు ఈ పద్ధతికి ఉత్తమ ఆచరణలను సూచించిన వ్యాసం ప్రతి విద్యార్థి చదవదగినది. ఆ ధోరణిలో ఆలోచిస్తే, షెల్ ప్రోటీన్‌కు సరైన పోలిక దాని సొంత మారిన రూపమే. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో, అదే పరిమాణంలో, అదే కేంద్రకానికి చేరి, భాగస్వామిని మాత్రం వేరే విధంగా పట్టుకునే రూపం. ప్రకృతే పిసిఫెరాలో ఆ పోలికను తయారుచేసి ఇచ్చింది. దానికి తోడు, అదే కుటుంబానికి చెంది భాగస్వామితో కలవదని ముందే తెలిసిన ప్రోటీన్‌ను ఒకటి చేర్చాలి. అన్ని నమూనాలలోను ప్రోటీన్లు సమానంగా తయారయ్యాయని వెస్టర్న్ బ్లాట్‌తో చూపాలి. ప్రతి కణంలోను వాహకం ప్రవేశించిందని తెలిపే వేరే రంగు ప్రోటీన్‌ను అదే వాహకంలో ఉంచి, రెండు వెలుగుల నిష్పత్తిని లెక్కించాలి. ముక్క తగిలించని ప్రోటీన్‌ను అదనంగా ప్రవేశపెట్టినప్పుడు వెలుగు తగ్గితే పోటీ జరిగినట్లు, అంటే ఆ కలయిక నిజమైనదని బలమైన ఆధారం. చివరగా, సహ-అవక్షేపణం వంటి మరొక స్వతంత్ర పద్ధతితో ఫలితాన్ని సరిచూడాలి. ఒకే ఒక పచ్చని చిత్రంపై ఆధారపడి రాసిన నిర్ణయాన్ని పరీక్షకులు ఆమోదించనవసరం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ వంటనూనెల మిషన్ – ఆయిల్ పామ్ పథకం, సాగు విస్తీర్ణాన్ని 10 లక్షల హెక్టార్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. విస్తీర్ణం వేగంగా పెరిగే కాలంలోనే మొక్కల కొరత, దానితో నాసిరకపు మొక్కల ప్రమాదం పెరుగుతాయి. కాబట్టి మెట్ట ప్రాంతాలలోని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు మూడు విషయాలు చెప్పాలి. గుర్తింపు పొందిన నర్సరీ నుండి డ్యూరా, పిసిఫెరాల సంకరంతో వచ్చిన మొక్కలనే తీసుకోవాలి. వాటి మూలాన్ని తెలిపే పత్రాలను తోట ఉన్నంతకాలం భద్రపరచాలి. తోటలో రాలి మొలిచిన మొక్కలను ఎంత ఏపుగా ఉన్నా నాటకూడదు. అనుమానం వచ్చిన మొక్కల విషయంలో మొదటి గెలలదాకా ఆగనవసరం లేదని, ఆకు ముక్క ద్వారా జన్యు పరీక్ష సాధ్యమని కూడా తెలియజేయాలి. అప్పటికే కాపుకు వచ్చిన తోటలో మాత్రం పండును అడ్డంగా కోసి టెంక మందాన్ని, టెంక చుట్టూ ఉండే నార వలయాన్ని చూడడమే అన్నింటికంటె చౌకైన పరీక్ష. ఆ వలయం టెనెరాకు గుర్తు.

విద్యార్థుల విషయానికి వస్తే, జన్యువులోని ఏ అక్షరం మారిందో తెలిసినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ మార్పు ఏ ప్రోటీన్ల జతను విడదీసింది, ఏ జతను కొత్తగా కలిపింది, ఆ జత డీఎన్ఏపై ఎక్కడ కూర్చుంటుంది అన్న ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే, టెంక మందాన్ని ఇంకా అనుకూలంగా మార్చే కొత్త రూపాలను ఆలోచించి రూపొందించవచ్చు. ఆ ప్రశ్నలకు విభాజిత ప్రతిదీప్తి ప్రోటీన్లు నేరుగా, కళ్లకు కనిపించేలా సాక్ష్యమిస్తాయి. పక్కన సరైన పోలికను నిలబెట్టినప్పుడే ఆ సాక్ష్యం చెల్లుతుంది. నర్సరీ మొక్క రకాన్ని గొలుసు చర్యతో నిర్ధారించడం, ఆ రకం అలా ఎందుకు ఏర్పడిందో విభాజిత ప్రోటీన్లతో శోధించడం అనే ఈ పని విభజనను పాటిస్తే రైతు నాలుగేళ్ల నిరీక్షణ, విద్యార్థి పరిశోధనా కాలం రెండూ వృథా కాకుండా ఉంటాయి.